కారు సైలెన్సర్ మార్చడం: షాపుకు ఇవ్వాలా, మన చేతులతో చేసుకోవాలా?

సముద్రం ఒడ్డున ఉండే ఊళ్లలో కారు వయసు తెలియాలంటే కింద పడుకుని చూడాలి. మాది విశాఖపట్నం. 2018 నాటి 1.2 లీటర్ల పెట్రోలు కారు, పైన రంగు ఇంకా నిగనిగలాడుతూనే ఉంది. ఒక ఉదయం స్టార్ట్ చేస్తే పాత ట్రాక్టరు గొంతు వినిపించింది. వంగి చూస్తే వెనక సైలెన్సర్ డబ్బా అతుకు దగ్గర బొటనవేలు దూరేంత కన్నం. ఎలాగూ మార్చక తప్పదు కాబట్టి ఈసారి తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలుది, కాస్త గంభీరంగా పలికేది వేద్దామనుకున్నాను. ఆ చిన్న కోరిక నన్ను రెండు షాపుల చుట్టూ తిప్పి, మూడు ఆదివారాలు కారు కింద పడుకోబెట్టింది.

అన్నీ అయ్యాక నాకు తేలింది ఇది. రబ్బర్ల మీద వేలాడుతూ బోల్టులతో బిగిసి ఉన్న వెనక భాగాన్ని ఓపిక ఉన్నవారెవరైనా ఇంట్లో మార్చుకోవచ్చు. కోత, వెల్డింగ్ అవసరమైతే షాపుకు ఇవ్వాలి. పొగలోని విషవాయువులను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌నూ దానికి ముందున్న భాగాలనూ అప్‌గ్రేడ్ పేరుతో ఎవరి చేతా ముట్టించకూడదు. ఖర్చు లెక్క ఈ మూడింటి తర్వాతే వస్తుంది. చాలామంది ముందు ఖర్చు చూసుకుని, ఆ తర్వాత కారు కిందకు చూస్తారు. నేనూ అదే చేశాను.

ఇక్కడ చెప్పేదంతా పెట్రోలు కార్ల గురించి. బీఎస్‌-6 కాలుష్య ప్రమాణాల డీజిల్ కారుకు మసిని పట్టే డీపీఎఫ్ అనే వడపోత, ఉష్ణోగ్రతను, పీడనాన్ని కొలిచే సెన్సర్లు, కొన్నింటికి యూరియా ద్రావణం చిమ్మే ఏర్పాటు కూడా ఉంటాయి. వాటి జోలికి వెళ్లకండి. కారు వారంటీలో ఉంటే, అది పెట్రోలుదైనా సరే, ముందు వారంటీ పుస్తకం చదవండి.

కింద ఏముందో ముందు గుర్తుపట్టండి

ఇంజిన్ నుంచి వెనక్కి వస్తే మొదట, సిలిండర్ల పొగను ఒక్క గొట్టంలోకి చేర్చే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్. దానికి ఆనుకునో కాస్త కిందనో క్యాటలిటిక్ కన్వర్టర్. లోపల తేనెపట్టులాంటి గదులు, వాటి గోడల మీద ప్లాటినం, పల్లేడియం, రోడియం పూత. కన్వర్టర్‌కు ముందొకటి, తర్వాతొకటి ఆక్సిజన్ సెన్సర్లు ఉంటాయి. మొదటిది ఇంజిన్‌కు ఎంత ఇంధనం ఇవ్వాలో కంప్యూటర్‌కు చెబుతుంది. రెండోది కన్వర్టర్ పని చేస్తోందో లేదో కాపలా కాస్తుంది. ఆ తర్వాత ఇంజిన్ కుదుపును మింగే, జల్లెడ అల్లికలాంటి ఫ్లెక్స్ పైపు. దాని వెనక చిన్న డబ్బా రెజోనేటర్, చివర్లో పెద్ద డబ్బా సైలెన్సర్. మన వాడుకలో మొత్తం గొట్టాన్నీ సైలెన్సర్ అనేస్తాం. షాపులో మాట్లాడేటప్పుడు మాత్రం ఆ అలవాటు ప్రమాదం. ‘సైలెన్సర్ మార్చండి’ అని మీరంటే వారు ఎంతవరకు కోస్తారో మీకు తెలియదు.

పల్లేడియం, రోడియం ఖరీదైన లోహాలు కాబట్టి పాత కన్వర్టర్‌కు తుక్కు బజారులో గిరాకీ ఉంది. ‘మీ కన్వర్టర్ మూసుకుపోయింది, తీసేస్తే బండి ఎగురుతుంది’ అని ఎవరైనా అంటే వెంటనే తల ఊపకండి. నిజంగా మూసుకుపోతే ఇంజిన్ ఎక్కువ వేగంలో ఊపిరాడనట్టు నీరసిస్తుంది. కన్వర్టర్ ముందు పీడనాన్ని గేజితో కొలిచి చూపించమనండి. కొలవకుండా చెప్పే మాటకు విలువ లేదు. కన్వర్టర్ తీసేసిన కారులో రెండో సెన్సర్ ఊరుకోదు. పీ0420 అనే కోడ్‌తో ఇంజిన్ దీపం వెలుగుతుంది. ఆ దీపాన్ని ఆర్పడానికి ఇంకో మోసం, దానికి ఇంకో ఖర్చు.

ఎంత పవర్ వస్తుందని ఆశించాలి

టర్బో లేని చిన్న ఇంజిన్‌కు కన్వర్టర్ వెనక భాగం మాత్రమే మారిస్తే వచ్చే పవర్ మహా అయితే రెండు మూడు హార్స్‌పవర్. రోడ్డు మీద అది మీకు తెలియదు. తెలిసేది శబ్దంలో తేడా, కొంత బరువు తగ్గడం, తుప్పుకు తట్టుకోవడం. మా తీరప్రాంతంలో మూడోది ఒక్కటే చాలు, డబ్బు పెట్టడానికి.

గొట్టం లావైతే మంచిదన్న నమ్మకం ఒకటుంది. చిన్న ఇంజిన్‌కు మరీ లావు గొట్టం పెడితే వాయువు వేగం తగ్గి, తక్కువ ఆర్‌పీఎంలో లాగే శక్తి పడిపోతుంది. ట్రాఫిక్‌లో మనం నడిపేది ఎక్కువగా ఆ ఆర్‌పీఎంలోనే. 1.2 లీటర్ల ఇంజిన్‌కు ఒకటిన్నర నుంచి ఒకటీ ముప్పావు అంగుళాల గొట్టం సరిపోతుంది. మీ కారుకు ఇప్పుడున్నది ఎంతో తెలియాలంటే గొట్టం చుట్టూ దారం చుట్టి, పొడవు కొలిచి 3.14తో భాగించండి. 120 మి.మీ. వస్తే గొట్టం 38 మి.మీ., అంటే ఒకటిన్నర అంగుళం.

శబ్దం విషయంలో ఇంకో చిక్కుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 2400 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 80 సార్లు మండుతుంది. ఆ 80 హెర్ట్జ్ గుమ్మనే మోత కారు లోపలి ఖాళీతో కలిసి చెవుల్లో బరువుగా నిలబడుతుంది. ఊళ్లో పది నిమిషాలు ముద్దుగా వినిపించే సైలెన్సర్, అనకాపల్లి దాటి హైవే ఎక్కేసరికి తలనొప్పి తెప్పించేది ఇందుకే. మధ్యలో ఉన్న చిన్న రెజోనేటర్ అణిచిపెట్టేది ముఖ్యంగా ఈ మోతనే. దాన్ని తీసేయమని మాత్రం ఎవరికీ చెప్పకండి.

చట్టం ఏమంటుంది

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని యజమాని మార్చకూడదు. 2019 సవరణతో చేరిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను మీరితే 190(2) సెక్షన్ కింద మొదటిసారికే పది వేల రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత ఉన్నాయి. హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో పోలీసులు బైకుల నుంచి ఊడదీసిన సైలెన్సర్లను రోడ్డు రోలరుతో తొక్కించిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు. కార్ల వంతు రాదని ధీమా పడవద్దు.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో మన పనికి నేరుగా తగిలేవి మూడు. శబ్దాన్ని తగ్గించే సైలెన్సర్ తప్పనిసరిగా ఉండాలి. పొగ కిందికి గానీ ఎడమ పక్కకు గానీ వదలకూడదు, ఎడమన నడిచేవాళ్లు ఉంటారు కదా. ఇంధన గొట్టానికి 35 మి.మీ. కన్నా దగ్గరగా ఎగ్జాస్ట్ గొట్టం రాకూడదు. ఈ చివరిదాన్ని ఫ్యాబ్రికేషన్ షాపుల్లో పట్టించుకునేవారు తక్కువ.

అందువల్ల మంచి మార్గం ఏమిటంటే, కంపెనీ భాగాన్నో, అంతే నిశ్శబ్దంగా ఉండే స్టెయిన్‌లెస్ భాగాన్నో ఎంచుకోవడం. ఊరు లేచేలా మోగేది కావాలనుకునేవారికి నేను చెప్పగలిగేది లేదు, వాళ్ల పక్కింటివారికి నా సానుభూతి తప్ప.

నిర్ణయం తీసుకునే ముందు పావుగంట కారు కింద

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, కారు సమతలంగా ఉన్న చోట టార్చి, ఫోను పట్టుకుని వెనక నుంచి ముందుకు ఫొటోలు తీయండి. చూడాల్సినవి ఇవి.

వెనక సైలెన్సర్‌కూ మధ్య గొట్టానికీ నడుమ ఫ్లాంజ్, అంటే రెండు గొట్టాలను బోల్టులతో కలిపే పలక, ఉందా? ఉంటే సగం పని మీ చేతుల్లోకి వచ్చినట్టే. కొన్ని కార్లలో కన్వర్టర్ నుంచి చివరి దాకా ఒకటే గొట్టం ఉంటుంది. వెనక యాక్సిల్ పైనుంచి వంపు తిరిగిపోయి, కోస్తే తప్ప బయటికి రాదు. అది షాపు పని.

బోల్టుల ముఖాలు ఎలా ఉన్నాయి? పైన ఎర్రగా ఉన్నా ఆరు పలకలూ కనిపిస్తుంటే ఆశ ఉంది. అరిగి గుండ్రంగా మారి, మట్టి ముద్దలా కనిపిస్తే ఆ బోల్టు విరుగుతుందనే లెక్కలోకి తీసుకోండి. విరిగిన బోల్టును గ్రైండర్‌తో కోసి, డ్రిల్లు చేసి తీయడం పెట్రోలు ట్యాంకుకు అడుగు దూరంలో చేసే పని. ఇంట్లో వద్దు.

తుప్పు ఎంతవరకు పాకింది? స్క్రూడ్రైవర్ పిడితో గొట్టాన్ని మెల్లగా తట్టండి. గట్టి లోహం ఖంగుమంటుంది. పుచ్చిపోయినది దబ్‌మని మొద్దుగా పలుకుతుంది. మధ్య గొట్టం కూడా పుచ్చి ఉంటే దానికి కొత్త సైలెన్సర్ తగిలించడం దండగ. సైలెన్సర్లు లోపలి నుంచి కూడా తుప్పు పడతాయి. పెట్రోలు మండితే నీరు పుడుతుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే కారులో డబ్బా వేడెక్కకముందే ఇంజిన్ ఆపేస్తాం, ఆ నీరు అడుగున నిలిచిపోతుంది. డబ్బా కింద సూదంత రంధ్రం కనిపిస్తే అది పాడైపోయిందని కాదు, ఆ నీరు కారడానికి కంపెనీ వాళ్లే పెట్టి ఉండవచ్చు.

చివరి ప్రశ్న మీ గురించి. గట్టి నేల, రెండు జాకీ స్టాండ్లు, పక్కన ఉండే ఇంకో మనిషి ఉన్నారా? ఈ మూడింటిలో ఏది లేకపోయినా షాపుకే వెళ్లండి. అపార్టుమెంటు సెల్లార్‌లో వాలుగా ఉన్న నేల మీద, ఒక్క జాకీతో ఈ పని చేసేవాళ్లను చూశాను. అది ధైర్యం కాదు.

షాపుకు ఇస్తే అడగాల్సినవి

నేను మొదట వెళ్లిన షాపు పేరు చెప్పను. ‘రెండు గంటల్లో అయిపోతుంది సార్, టీ తాగి రండి’ అన్నారు. తిరిగి వచ్చేసరికి కొత్త డబ్బా వేలాడుతోంది, శబ్దం బాగుంది, డబ్బు కట్టేశాను. నాలుగో రోజు గతుకులో కారు కుదిపినప్పుడల్లా వెనక ‘టంగ్’ మని మోత. తీరా చూస్తే గొట్టం యాక్సిల్‌కు వేలెడంత దూరంలో ఉంది. పైగా మామూలు ఇనుప గొట్టానికి స్టెయిన్‌లెస్ డబ్బాను మామూలు వెల్డింగ్ కడ్డీతో అతికారు. ఆ అతుకు చుట్టూ అప్పుడే ఎర్ర గీత కనిపించింది. తప్పు వాళ్లదే, కానీ ఏమీ అడగకుండా టీ తాగడానికి వెళ్లింది నేను.

రెండోసారి గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ‘మేస్త్రి గారూ, అతుకు ఎన్నాళ్లు ఆగుతుంది?’ అని అడిగితే ఆయన నా పాత అతుకును గోటితో గీకి చూపించి, ‘బాబూ, అతుకు కాదు, అతికినవాడి తొందర తుప్పు పడుతుంది’ అన్నాడు. అడగాల్సిన ప్రశ్నలన్నీ ఆ గంటలో ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఏ లోహం? 304 రకం స్టీలులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. సముద్రపు గాలికి ఇది మేలు. 409 రకంలో క్రోమియం 11 శాతం చుట్టుపక్కలే. పైన ఎర్రబడుతుంది కానీ మామూలు ఇనుముకన్నా చాలా కాలం ఆగుతుంది. అయస్కాంతం వెంట తీసుకెళ్లండి. 304కు అది అంటీ అంటనట్టు ఉంటుంది, వంపుల దగ్గర కొద్దిగా లాగవచ్చు. గట్టిగా అంటుకుంటే అది 304 కాదు. అయితే అది 409 రకమా, మామూలు ఇనుమా అన్నది అయస్కాంతం చెప్పలేదు. అందుకే ఏ రకమో బిల్లు మీద రాయించుకోండి.

ఏ వెల్డింగ్? స్టెయిన్‌లెస్ గొట్టాలకు ఆర్గాన్ వాయువుతో చేసే టిగ్ వెల్డింగ్ ఉత్తమం. 304ను 304కు అతికితే 308ఎల్ కడ్డీ, 304ను మామూలు ఇనుముకు అతికితే 309ఎల్ కడ్డీ వాడాలి. ఈ రెండు నంబర్లు మీ నోట వింటే చాలు, అవతలి మనిషి మీతో మాట్లాడే తీరు మారుతుంది.

వంపు ఎలా తిప్పుతారు? లోపల అచ్చు పెట్టి వంచే మాండ్రెల్ పద్ధతిలో గొట్టం గుండ్రంగానే ఉంటుంది. ఉత్తినే నొక్కి వంచితే మూల దగ్గర నలిగి సన్నబడుతుంది. పెద్ద గొట్టానికి డబ్బు పెట్టి నలిగిన వంపు వేయించుకుంటే పెట్టిన డబ్బంతా ఆ మూలలోనే పోతుంది.

కారు మీద ఉండగా వెల్డింగ్ చేస్తారా? ముందు కారు కింద గొట్టాన్ని సరిగ్గా నిలిపి, కదలకుండా అక్కడక్కడ వెల్డింగ్ చుక్కలు మాత్రం పెట్టాలి. తర్వాత దించి బల్ల మీద పూర్తిగా అతకాలి. కారు మీద చుక్క పెట్టేటప్పుడు కూడా బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయాలి, ఎర్త్ క్లిప్పును అతుకు పక్కనే తగిలించాలి. లేదంటే ఆ కరెంటు ఇంజిన్ కంప్యూటర్‌ను పాడు చేయగలదు. ఇది అడిగితే నవ్వే షాపు నుంచి నేరుగా బయటికి వచ్చేయండి.

ఇవి కాక, తీసిన పాత భాగం మీకు తిరిగి ఇవ్వాలని, లీకయినా అతుకు పగిలినా ఎంతకాలం ఉచితంగా సరిచేస్తారో బిల్లు మీద ఉండాలని ముందే చెప్పండి. కారు అప్పగించే ముందు కన్వర్టర్‌ను, దాని మీది నంబరును ఫొటో తీసుకోండి. పని జరిగేటప్పుడు అక్కడే ఉండండి. టీ అక్కడికే తెప్పించుకోవచ్చు.

ఇంట్లో చేసుకుంటే

మేస్త్రి నా మధ్య గొట్టాన్ని సరిచేసి, దాని చివర ఫ్లాంజ్ పెట్టి ఇచ్చాడు. ‘ఇకపై వెనక డబ్బా నువ్వే మార్చుకోవచ్చు, నా దగ్గరికి రానక్కర్లేదు’ అన్నాడు. వ్యాపారం తెలియని మనిషి. నేను మళ్లీ మళ్లీ ఆయన దగ్గరికే వెళ్తున్నాను. వెనక డబ్బా మాత్రం నేనే వేశాను.

కావలసినవి: మంచి జాకీ, రెండు జాకీ స్టాండ్లు, చక్రాలకు అడ్డం పెట్టే చెక్క దిమ్మలు, 12, 14 నంబరు సాకెట్లు, పొడవాటి పిడి, బోల్టును కొలత ప్రకారం బిగించే టార్క్ రెంచి, తుప్పు వదిలించే స్ప్రే, వైరు బ్రష్, కళ్లద్దాలు, మందపాటి చేతి తొడుగులు. ఫ్లాంజ్ పలకల మధ్య లీకు రాకుండా పెట్టే కొత్త గ్యాస్కెట్, కొత్త బోల్టులు నట్లు, కొత్త రబ్బర్లు తప్పనిసరి. పాత గ్యాస్కెట్‌ను తిరిగి వాడితే లీకు ఖాయం. పాత రబ్బర్లు పైకి బాగానే కనిపిస్తాయి, వేళ్లతో సాగదీస్తే పగుళ్లు బయటపడతాయి.

1. ముందు రోజు రాత్రి, కారు చల్లగా ఉన్నప్పుడు, ఫ్లాంజ్ బోల్టుల మీద స్ప్రే కొట్టండి. పొద్దున మళ్లీ ఒకసారి. నేను మొదటి ఆదివారం ఈ మెట్టు దాటేసి నేరుగా పానా పట్టాను, ఒక బోల్టు తల ఊడి చేతిలోకి వచ్చింది. ఆ ఆదివారం అంతటితో సరి.

2. కారును గట్టి సమతల నేల మీద నిలిపి, మొదటి గేరులో పెట్టి, ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మలు అడ్డం పెట్టండి. మాన్యువల్‌లో చూపిన జాకీ పాయింట్ల దగ్గరే ఎత్తి, స్టాండ్ల మీద కూర్చోబెట్టండి. జాకీని కూడా తీయకుండా తోడుగా ఉంచండి. కిందికి దూరే ముందు కారును చేత్తో గట్టిగా ఊపండి. కదిలితే ఇప్పుడే, మీరు బయట ఉండగానే కదలాలి.

3. తీసే ముందు ఫొటో తీసి, గొట్టం చివర బంపరుకు ఎంత దూరంలో ఉందో, యాక్సిల్‌కు ఎంత దూరంలో ఉందో కొలిచి రాసుకోండి. తర్వాత అన్నిటికన్నా పనికొచ్చేది ఈ కాగితమే.

4. బోల్టును విప్పే ముందు వెంట్రుకవాసి బిగించే వైపు కదిపి, ఆ తర్వాత విప్పండి. తుప్పు పట్టు అలా వదులుతుంది. కుదుపులతో లాగకుండా, పొడవు పిడితో నిదానంగా బరువు వేయండి. కదలకపోతే మళ్లీ స్ప్రే కొట్టి గంట ఆగండి. మంటతో వేడి చేసే ఆలోచన మానుకోండి, పక్కనే పెట్రోలు గొట్టాలు, ట్యాంకు ఉన్నాయి.

5. బోల్టులు వచ్చాక డబ్బా కింద ఇటుకలు, చెక్కలు పేర్చి బరువు వాటి మీదకు తీసుకోండి. అప్పుడు రబ్బర్లు ఊడదీయాలి. వాటికి సబ్బు నీళ్లు రాస్తే జారతాయి. ఇంజిన్ ఆయిలు రాయకండి, రబ్బరు ఉబ్బి చెడిపోతుంది. చివరి రబ్బరు వచ్చేటప్పుడు డబ్బా ఒక్కసారిగా పడుతుంది. ముఖం పక్కకు పెట్టుకోండి, కళ్లద్దాలు తీయకండి. తుప్పు పొడి కళ్లలోనే పడాలని ఏదో పంతం పట్టినట్టు రాలుతుంది.

6. మిగిలిన ఫ్లాంజ్ ముఖాన్ని వైరు బ్రష్‌తో లోహం మెరిసేదాకా శుభ్రం చేయండి. పాత గ్యాస్కెట్ ముక్క వెంట్రుకంత మిగిలినా లీకే.

7. కొత్త డబ్బాను ముందు రబ్బర్లకు వేలాడదీసి, గ్యాస్కెట్ పెట్టి, బోల్టులు చేతి వేళ్లతో మాత్రమే తిప్పి వదిలేయండి. బోల్టు మరల మీద రాగి పేస్టు కొద్దిగా రాస్తే వచ్చేసారి విప్పేవాడు మిమ్మల్ని దీవిస్తాడు. ఆ విప్పేవాడు మీరే కావచ్చు.

8. ఇప్పుడే నిదానంగా చూడాల్సిన దశ. గొట్టం చుట్టూ బాడీకి కనీసం వేలు దూరేంత, అంటే 20 నుంచి 25 మి.మీ. ఖాళీ ఉండాలి. ఇంధన, బ్రేకు గొట్టాల దగ్గర అంతకన్నా ఎక్కువ. కారు స్టాండ్ల మీద ఉన్నప్పుడు వెనక చక్రాలు కిందికి వేలాడతాయని మరిచిపోకండి. నేల మీద దిగి నలుగురు ఎక్కాక యాక్సిల్ పైకి వస్తుంది. ఇప్పుడు చాలని కనిపించే ఖాళీ అప్పుడు చాలకపోవచ్చు. నా మొదటి షాపు తప్పు సరిగ్గా ఇదే. డబ్బాను చేత్తో అటూ ఇటూ ఊపి, ఎక్కడా తగలడం లేదని చూడండి. గొట్టం కొస బంపరు దాటి బయటికి రావాలి, లేదంటే పొగ డిక్కీ కింద చుట్టుకుంటుంది.

9. అంతా కుదిరాక ముందు నుంచి వెనక్కి, ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి బిగించండి. మాన్యువల్‌లో ఉన్న టార్క్‌దే, అంటే బిగింపు కొలతదే, తుది మాట. అది దొరకకపోతే మామూలుగా 8 మి.మీ. బోల్టుకు 20–25, 10 మి.మీ. బోల్టుకు 40–50 న్యూటన్ మీటర్లు. స్ప్రింగు బోల్టులుంటే వాటిని స్ప్రింగు పూర్తిగా అణిగిపోయేదాకా బిగించకూడదు, ఆ కీలు కదలడానికే స్ప్రింగు పెట్టారు.

రెండో ఆదివారం నాకు ఈ తొమ్మిది మెట్లకూ ఐదు గంటలు పట్టింది. ఆటోనగర్‌లో లిఫ్టు మీద ఇది గంట పని.

లీకు పరీక్ష

కారును బయట గాలి ఆడే చోటికి తీసుకురండి. షెడ్డులో, సెల్లార్‌లో స్టార్ట్ చేయకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. స్టార్ట్ చేశాక, సాయానికి వచ్చిన మనిషి తడి గుడ్డను మడిచి గొట్టం కొస దగ్గర రెండు మూడు సెకన్లు అడ్డం పెడితే, లీకున్న చోట ‘స్స్’ మని బుస వినిపిస్తుంది. గొట్టం ఇంకా వేడెక్కకముందే, మొదటి నిమిషంలోనే ఇది చేయాలి. అతుకుల మీద సబ్బు నీళ్లు చల్లితే బుడగలు చోటు చూపిస్తాయి. మొదటి పది పదిహేను నిమిషాలు కొత్త గొట్టం మీది నూనె కాలి సన్నగా పొగ వస్తుంది, కంగారు పడనక్కర్లేదు. రెండు రోజుల తర్వాత ఫ్లాంజ్ చుట్టూ నల్లటి మసి చార కనిపిస్తే అక్కడ కారుతున్నట్టే.

చిన్న లీకే కదా అని వదిలేస్తే పీయూసీ కాలుష్య పరీక్ష దగ్గర బయటపడుతుంది. బీఎస్‌-4, బీఎస్‌-6 పెట్రోలు కార్లకు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం మించకూడదు. 2500 ఆర్‌పీఎం దగ్గర చేసే పరీక్షలో, గాలీ ఇంధనాల పాళ్లను చెప్పే లాంబ్డా విలువ 0.97 నుంచి 1.03 మధ్య ఉండాలి. గొట్టంలో కన్నముంటే బయటి గాలి లోపలికి పీల్చుకుని పొగలో కలుస్తుంది. ఇంజిన్ సక్రమంగా ఉన్నా లాంబ్డా పెరిగిపోతుంది. అందుకే పని అయిన వారంలోపే, పాత సర్టిఫికెట్‌కు గడువున్నా సరే, ఒకసారి పరీక్ష చేయించుకోండి. షాపులో చేయించినా ఇదే మాట.

ఇప్పుడు ఖర్చు

నా పనిముట్లకు ఏడు వేలు దాటింది. షాపు ఆ డబ్బా తగిలించడానికి అడిగిన కూలీ అందులో నాలుగో వంతు కూడా లేదు. ఒక్కసారి మార్చుకోవడానికే అయితే ఇంట్లో చేసుకోవడం నష్టమే. మన దగ్గర కూలీ తక్కువ, పనిముట్లు ఖరీదు. అమెరికాలో ఉంటున్న మా తమ్ముడికి ఈ లెక్క సరిగ్గా తలకిందులు. అక్కడ గంట కూలీతో ఒక సాకెట్ల సెట్టు వస్తుంది, కాబట్టి వాడు కన్వర్టర్ వెనక భాగాన్ని ఇంటి గ్యారేజీలోనే మార్చుకున్నాడు. కన్వర్టర్ తీసేయడం అక్కడ కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధమే.

మరి నేనెందుకు చేసుకున్నానంటే, ఆ స్టాండ్లూ టార్క్ రెంచీ తర్వాత బ్రేకు ప్యాడ్లకు, ఆయిలు మార్పుకు, మా అన్నయ్య కారు రబ్బర్లకు పనికొచ్చాయి. పైగా కారు కింద ఏ బోల్టు ఎక్కడుందో తెలిసిన మనిషికి షాపులో అబద్ధం చెప్పడం కష్టం. ఈ రెండూ మీకు అక్కర్లేదనిపిస్తే మేస్త్రికి ఇచ్చి పక్కన నిలబడండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

మూడో ఆదివారం దేనికంటారా? వంద, నూటయాభై కిలోమీటర్లు తిరిగి నాలుగైదు సార్లు వేడెక్కి చల్లారాక బోల్టులు కొద్దిగా వదులవుతాయి. మళ్లీ స్టాండ్లు ఎక్కించి, టార్క్ రెంచితో ఒక్కొక్కటీ సరిచూడాలి. నా కారులో మూడింటిలో ఒకటి పావు చుట్టు తిరిగింది.